ట్రైలర్ తగిలించడం: కింగ్‌పిన్ లాకైందని కంటితో చూశాకే కాళ్లు ఎత్తాలి

మన దగ్గర చాలా ట్రైలర్లు నెలల తరబడి హార్స్ నుంచి, అంటే ముందుండి లాగే ఇంజిన్ బండి నుంచి, విడిపోవు. హార్స్ గ్యారేజీకి పోయినప్పుడో, ఎర్రగుంట్లలో సిమెంటు లోడుకో తాడిపత్రిలో బండల లోడుకో ట్రైలర్ రోజుల తరబడి నిలబడాల్సి వచ్చినప్పుడో ఊడదీస్తారు. మళ్లీ తగిలించే రోజుకు చెయ్యి అలవాటు తప్పి ఉంటుంది. పైగా ఆ రోజే లోడు తొందర ఉంటుంది. ఇరవై ఏళ్లు స్టీరింగ్ పట్టిన డ్రైవరైనా ఏడాదిలో ఈ పని చేసేది ఏ నాలుగైదు సార్లో అయితే, దాన్ని కొత్త పనిలాగే వరసగా చేయాలి. వరస ఎక్కడ తప్పితే ఏం జరుగుతుందో కూడా తెలిసి ఉండాలి.

కావలసినవి కొన్నే. మంచి టార్చి, చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు నాలుగు, ల్యాండింగ్ కాళ్ల (హార్స్ లేనప్పుడు ట్రైలర్ ముందు భాగాన్ని మోసే కాళ్లు) కింద వేసే మందపాటి చెక్కలు రెండు, గ్రీజు, పాత గుడ్డలు, చేతి గ్లౌజులు. పగలైనా టార్చి ఉండాల్సిందే, ఎందుకంటే చూడాల్సిన చోటు ట్రైలర్ నీడలో ఉంటుంది.

ముందు ఆ లాకు ఎలా పనిచేస్తుందో

హార్స్ వెనక ఛాసిస్ మీద గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఇనుప ప్లేటు ఫిఫ్త్ వీల్. దాని వెనక వైపు ఇంగ్లిష్ వి అక్షరంలా తెరుచుకున్న సందు ఉంటుంది. ట్రైలర్ ముందు భాగం అడుగున కిందికి దిగి ఉండేది కింగ్‌పిన్. ఈ పిన్ ఆ సందులోంచి జారి లోపలికి పోతే, లోపలున్న జాలు, అంటే ఇనుప దవడలు, దాన్ని చుట్టూ పట్టుకుంటాయి.

పిన్ మొత్తం ఒకే మందం ఉండదు. మధ్యలో సన్నటి మెడ, కింద వెడల్పాటి తల. మామూలు పిన్‌కు మెడ మందం రెండు అంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. చాలా బరువైన లోడ్ల ట్రైలర్లకు మూడున్నర అంగుళాల పిన్ వస్తుంది. దానికి వేరే ఫిఫ్త్ వీల్ కావాలి, ఒకదాని బదులు ఇంకోటి కుదరదు. జాలు పట్టుకోవాల్సింది మెడను. తల వాటి కిందికి దిగి ఉండాలి. 2018లో పెరిగిన బరువు పరిమితి ప్రకారం ట్రైలర్ బండి మొత్తం బరువు 55 టన్నుల దాకా ఉండొచ్చు. గువ్వలచెరువు ఘాట్‌లో అంత బండిలో ట్రైలర్‌ను హార్స్‌తో కలిపి ఉంచేది ఈ మెడ, దాన్ని పట్టిన జాలే.

పిన్ సరిగ్గా లోపలికి పోయినప్పుడు 'టక్' మని గట్టిగా శబ్దం వస్తుంది, ఫిఫ్త్ వీల్ పక్కనున్న లాకు హ్యాండిల్ లోపలికి పోతుంది. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. ట్రైలర్ ఎత్తుగా ఉంటే పిన్ తల జాల కిందికి దిగదు. వాటి మీదే కూర్చుంటుంది. అప్పుడు కూడా జాలు మూసుకోవచ్చు, శబ్దం రావొచ్చు, హ్యాండిల్ లోపలికి పోవచ్చు. మెల్లగా లాగి చూస్తే ట్రైలర్ వెంట వచ్చినట్టే అనిపించొచ్చు. మొదటి గుంతలోనో స్పీడ్ బ్రేకర్ మీదో పిన్ పైకి లేచి బయటికొస్తుంది. ఈ మార్గదర్శిలో ఏది మరిచిపోయినా, శబ్దాన్ని నమ్మి బండి కదపకూడదన్నది మాత్రం మరిచిపోవద్దు.

నేల, దిమ్మలు, కాళ్లు

ట్రైలర్ నిలబడిన నేల ముందు చూడండి. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు రేగడి నేల ఎండాకాలం రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడితే ల్యాండింగ్ కాలు అడుగు ప్లేటుతో సహా దిగబడుతుంది. ఒక కాలు దిగి ఇంకోటి దిగకపోతే ట్రైలర్ పక్కకు వంగుతుంది, పిన్ కూడా వంగినట్టే ఉంటుంది, ఫిఫ్త్ వీల్‌లోకి నేరుగా పోదు. అలా ఉన్నప్పుడు బలవంతంగా హార్స్ దూర్చొద్దు. దిగిన కాలి దగ్గర మట్టి తీసి, చెక్క వేసి, కాలిని సరిచేసి మట్టం చేసుకున్నాకే ముందుకు పోవాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. మన ప్రాంతంలో నాపబండ ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి కాళ్ల కింద దాన్నే వేస్తుంటారు. వేయొద్దు. నాపబండ పొరలు పొరలుగా ఉండే రాయి. కింద నేల సమంగా లేకుండా ఒకేచోట బరువు పడితే పెళ్లున విరుగుతుంది. హార్స్ తాకిన కుదుపుకు విరిగితే ట్రైలర్ ముక్కు మీద పడుతుంది. మందపాటి చెక్క అయితే నలుగుతుందే గానీ ఒక్కసారిగా విరగదు. పాత రైలు స్లీపర్ చెక్క దొరికితే ఇంకా మేలు.

ట్రైలర్ వెనక యాక్సిల్ చక్రాలకు రెండు పక్కలా, ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. వాలు ఒకవైపే ఉంది కదా అని ఒకవైపే పెడితే సరిపోదు, హార్స్ నెట్టేది ఇంకోవైపు. ఇది ఎందుకంత ముఖ్యమంటే, స్ప్రింగ్ బ్రేకు ఉన్న ట్రైలర్‌కు గాలి పోయినా బ్రేకు పట్టే ఉంటుంది. స్ప్రింగ్ బ్రేకు లేని పాత ట్రైలర్ అలా కాదు. హార్స్ నుంచి వచ్చే గాలి పైపు ఊడదీసినప్పుడు ట్రైలర్ ట్యాంకులో మిగిలిన గాలితోనే బ్రేకు పట్టి ఉంటుంది. నాలుగు రోజులు నిలబడితే ఆ గాలి మెల్లగా కారిపోతుంది, బ్రేకు వదిలేస్తుంది. మీ ట్రైలర్‌ది ఏ రకమో తెలియకపోతే లేనిదనే అనుకొని పని చేయండి.

ఫిఫ్త్ వీల్, పిన్ తుడిచి చూడాలి

బండల ఫ్యాక్టరీల దగ్గర, సిమెంటు లోడింగ్ దగ్గర ఫిఫ్త్ వీల్ మీది గ్రీజుకు దుమ్ము అంటుకొని నల్లటి ముద్దలా గట్టిపడుతుంది. అది ఇక గ్రీజు కాదు, ఆకురాయి. తిప్పిన ప్రతి మలుపులో ప్లేటునూ పిన్నునూ అరగదీస్తుంది. దాని మీదే కొత్త గ్రీజు పూస్తే లాభం లేదు. పాతది గుడ్డతో, రేకు ముక్కతో పూర్తిగా గీకి, కొత్తది ప్లేటు అంతటా పలచగా, జాల మీద కాస్త, పిన్ మెడకు కాస్త పూయండి. గోడకు సున్నం వేసినట్టు మందంగా వేస్తే ఎండకు కరిగి ఛాసిస్ మీద కారుతుందే తప్ప ఉపయోగం లేదు.

తుడిచాక కనిపించేవి చూడండి. ప్లేటు మీద పగుళ్లు, ఛాసిస్‌కు పట్టే బోల్టులు వదులు కావడం, బోల్టు చుట్టూ తుప్పు రంగు పొడి. ఆ పొడి ఉందంటే బోల్టు లోపల కదులుతోందని అర్థం. పిన్ వంగిందా, దాని చుట్టూ ట్రైలర్ ప్లేటు ఉబ్బిందా, వెల్డింగ్ దగ్గర గీత ఉందా చూడాలి. మెడను వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) కొలవండి. రెండు అంగుళాల పిన్ ఎక్కడైనా 49 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చాలి. మూడున్నర అంగుళాల పిన్‌కైతే హద్దు 86. అరుగుదల ఒకవైపే ఉంటుంది కాబట్టి రెండు మూడు దిక్కుల నుంచి కొలవాలి.

తర్వాత హ్యాండిల్ లాగి జాలు తెరిచి ఉంచండి. హ్యాండిల్ బయటికొచ్చి గాడిలో నిలవాలి. సందులోకి టార్చి వేసి జాలు నిజంగా తెరుచుకున్నాయా చూడండి. ముందే మూసుకున్న జాల మీదికి పిన్‌ను నెడితే పిన్ లోపలికి పోదు. రెండూ దెబ్బతింటాయి. ప్లేటు వెనక అంచు కిందికి వాలి ఉండాలి. ముందుకు వాలి ఉంటే చేత్తో వెనక్కు వాల్చండి.

ఎత్తు

తగిలించేటప్పుడు జరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి. ట్రైలర్ అడుగు ప్లేటు ఫిఫ్త్ వీల్ ప్లేటుతో సమానంగా గానీ, కొంచెం కిందికి గానీ ఉండాలి. 50 మిల్లీమీటర్లకు, అంటే మూడు వేళ్ల మందానికి మించి కిందికి ఉండకూడదు. పైకి మాత్రం అసలు ఉండకూడదు. కొంచెం కిందికి ఉంటే హార్స్ లోపలికి వచ్చేటప్పుడు ఫిఫ్త్ వీల్ వాలు మీద ట్రైలర్ ఎక్కి, బరువు దాని మీదికి దిగుతుంది. అప్పుడు పిన్ పూర్తి లోతుకు వెళ్తుంది.

మరీ కిందికి ఉంటే హార్స్ ఛాసిస్ ట్రైలర్ ముందు బీమును గుద్దుతుంది, లేదా ట్రైలర్‌ను వెనక్కు తోసి కాళ్లను వంచుతుంది. మన దగ్గర ఎక్కువగా ఉన్నవి కట్టల (ఇనుప పట్టీల స్ప్రింగుల) సస్పెన్షన్ హార్స్‌లు కాబట్టి హార్స్ ఎత్తు మార్చలేం. మార్చాల్సింది ట్రైలర్ కాళ్లే. ఊడదీసిన హార్స్ ఒకటీ తగిలించే హార్స్ ఇంకొకటీ అయితే ఎత్తు తప్పకుండా తేడా ఉంటుంది. పాత ఎత్తును నమ్మొద్దు.

లోడున్న ట్రైలర్ కాళ్లు ఎత్తాలన్నా దించాలన్నా కాళ్ల హ్యాండిల్‌ను లో గేరులోనే తిప్పాలి. లో గేరులో ఒక్కో చుట్టుకు కాలు కదిలేది మిల్లీమీటర్ల లెక్కలోనే, ఓపిక కావాలి. రెండు గేర్ల మధ్యలో హ్యాండిల్ వదలకండి. బరువుకు అది వెనక్కు తిరిగి ముంజేతినో గడ్డాన్నో కొడుతుంది.

రివర్స్

హార్స్‌ను ట్రైలర్‌కు నేరుగా, ముందే సరిపడా దూరం నుంచి తెచ్చుకోండి. రెండు అద్దాల్లోనూ ట్రైలర్ పక్కలు సమానంగా కనిపించాలి. వంకరగా పోతే పిన్ సందు అంచుకు తగులుతుంది, ట్రైలర్ పక్కకు నెట్టబడి ఒక కాలి మీద బరువంతా పడుతుంది.

ట్రైలర్‌కు అర మీటరు దూరంలో ఆపండి. హ్యాండ్‌బ్రేకు వేసి, దిగి, ఎత్తు ఇంకోసారి చూడండి. పిన్ సందు మధ్యకు ఉందా, గాలి పైపులూ కరెంటు వైరూ ఫిఫ్త్ వీల్‌కు అడ్డం పడ్డాయా చూడండి. ఈ ఒక్క దిగడం మానేసినవాళ్లే తర్వాత గ్యారేజీలో గంటల తరబడి నిలబడతారు.

క్లీనర్ సంగతి. హార్స్‌కూ ట్రైలర్‌కూ మధ్య ఎవరూ ఉండకూడదు, 'పిన్ చూసి చెప్తానన్నా' అన్నా ఒప్పుకోకండి. క్లీనర్ డ్రైవర్ వైపు పక్కగా, మూడు నాలుగు మీటర్ల దూరంలో, అద్దంలో కనిపించేలా నిలబడాలి. అద్దంలో క్లీనర్ కనిపించకుండా పోయిన క్షణమే బ్రేకు. 'రానీ, రానీ, ఆపు' అని కేకలు వేసినా చేత్తో సైగ కూడా ఇవ్వాలి, ఇంజిన్ శబ్దంలో మాట వినపడదు.

తర్వాత రివర్స్ గేరులో, యాక్సిలరేటర్ దాదాపు తొక్కకుండా, క్లచ్ మీదే మెల్లగా రండి. ప్లేటు ట్రైలర్‌కు తగిలి, దాన్ని కొంచెం ఎత్తి, పిన్ లోపలికి పోయి లాకు పడుతుంది. లాకు పడగానే ఆపేయాలి. ఇంకా నెడితే ట్రైలర్ దిమ్మల మీదికి ఎక్కుతుంది.

కంటితో చూడటం

హ్యాండ్‌బ్రేకు వేయండి, ఇంజిన్ ఆపండి, తాళంచెవి జేబులో పెట్టుకోండి. తాళంచెవి ఎవరి జేబులో ఉందో వాళ్లే కిందికి వంగి చూడాలి. కాళ్లు ఇంకా కిందే ఉండాలి. లాకు పడకపోయి ఉంటే ట్రైలర్‌ను ఆపేది ఆ కాళ్లే.

మొదట పక్క నుంచి చూడండి. ఫిఫ్త్ వీల్ ప్లేటుకూ ట్రైలర్ ప్లేటుకూ మధ్య సందు ఉండకూడదు. టార్చి ఒక పక్క వేస్తే అవతలి పక్క వెలుతురు కనిపిస్తుందంటే పిన్ పూర్తిగా దిగలేదు. హ్యాండిల్ పూర్తిగా లోపలికి పోయిందా చూడండి. సగం బయటికి ఉంటే లాకు పడలేదు.

తర్వాత ట్రైలర్ వెనక చక్రాల వైపు నుంచి కిందికి వంగి, టార్చి ఫిఫ్త్ వీల్ సందులోకి వేయండి. అక్కడ కనిపించాల్సింది ఇది: పిన్ మెడ చుట్టూ జా మూసుకొని ఉండాలి, పిన్ తల జా కిందికి దిగి ఉండాలి. పిన్ తల జాతో సమానంగానో దాని మీదో కనిపించినా, పిన్ వెనక సందు తెరిచే ఉన్నా లాకు పడలేదు. అప్పుడు లాగి చూడటం, ఇంకాస్త నెట్టడం లాంటివి చేయకండి. హ్యాండిల్ లాగి లాకు తెరిచి, హార్స్‌ను మెల్లగా ముందుకు తీసి, కారణం చూడండి. ఎత్తు కావొచ్చు, జాల మధ్య రాయి కావొచ్చు, ఎండిపోయిన గ్రీజు కావొచ్చు.

సరిగ్గా ఉందని చూశాకే హ్యాండిల్‌కు సేఫ్టీ క్లిప్పు పెట్టండి. క్లిప్పు లేని ఫిఫ్త్ వీల్‌తో రోడ్డెక్కొద్దు. తీగ చుట్టడం క్లిప్పుకు బదులు కాదు.

లాగి చూడటం, గాలి పైపులు

దిమ్మలు అలాగే ఉంచి, కాళ్లు అలాగే ఉంచి, మొదటి గేరులో మెల్లగా ముందుకు లాగండి. హార్స్ ముక్కు కొంచెం లేచి ఆగిపోవాలి. రెండుసార్లు చేయండి, గట్టిగా కుదపొద్దు. మళ్లీ హ్యాండ్‌బ్రేకు వేసి పైపులు పెట్టండి. స్ప్రింగ్ బ్రేకు లేని ట్రైలర్‌ను మొదటిసారి ఆపేది దిమ్మలే కాబట్టి, గాలి నిండాక ట్రైలర్ బ్రేకు పట్టి ఇంకోసారి లాగి చూడాలి.

పైపులకు వరస ఉంది. ముందు పసుపు, తర్వాత ఎరుపు. ఎరుపు పైపులో ఎప్పుడూ గాలి ఉంటుంది. అది తగలగానే ట్రైలర్ ట్యాంకు నిండి, పట్టి ఉన్న బ్రేకు వదులుతుంది. పసుపు పైపు పెడల్ తొక్కినప్పుడు బ్రేకు వేసేది. ఎరుపు ముందు పెడితే, ట్రైలర్ బ్రేకు వదిలిన తర్వాత కూడా దాన్ని ఆపే దారి ఇంకా కలవలేదన్నమాట. ఆ సమయంలో హార్స్ హ్యాండ్‌బ్రేకు కూడా వేసి లేకపోతే, డ్రైవర్ కింద నిలబడి ఉండగానే బండి దొర్లుతుంది. పైపు పెట్టేముందు క్యాబిన్‌లోకి ఎక్కి హ్యాండ్‌బ్రేకు వేసి ఉందని ఇంకోసారి చూసుకోండి. ఊడదీసేటప్పుడు వరస తిరగబడుతుంది, ముందు ఎరుపు, తర్వాత పసుపు.

పైపు కొసనుండే కప్లింగ్ మూతిలోని రబ్బరు వాషర్ ఉందా, ఎండకు చిట్లిందా, దుమ్ము ఉందా చూసి తుడిచి పెట్టండి. మే నెల ఎండలకు ఈ రబ్బరు త్వరగా గట్టిపడుతుంది. నాలుగు వాషర్లు టూల్ బాక్సులో ఉంచుకుంటే సరిపోతుంది. ఎరుపు పసుపు తారుమారు కాకుండా కప్లింగ్‌లకు గుర్తు ముక్కలు ఉంటాయి. అవి అరిగినా, రంగు పోయినా తప్పుగా పట్టే అవకాశం ఉంది. అప్పుడు ట్రైలర్ బ్రేకు వదలదు, లేదా పెడల్ తొక్కినా పట్టదు. పైపులు వదులుగా ఫిఫ్త్ వీల్ మీద వాలకూడదు, మలుపులో తెగేంత బిగుతుగానూ ఉండకూడదు.

కరెంటు వైరు 24 వోల్టుల ఏడు పిన్నుల ప్లగ్గు. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న ట్రైలర్‌కు ఇంకో ప్లగ్గు ఉంటుంది, దాన్ని పెట్టడం మరిచిపోతే డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలుగుతుంది. ఇండికేటర్ వేస్తే వెనక లైట్లన్నీ కలిసి మిణుకుమంటున్నాయంటే ఎర్త్ పిన్ పట్టడం లేదు. ఎక్కువసార్లు సాకెట్లోని దుమ్మూ తుప్పే కారణం.

గేజీలో గాలి ఒత్తిడి 7 నుంచి 8 కేజీలు వచ్చేదాకా ఇంజిన్ నడపండి. తర్వాత ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిగా తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. మొదట తొక్కినప్పుడు ముల్లు కొంచెం పడటం మామూలే. ఆ తర్వాత నిమిషంలో పావు కేజీకి మించి పడకూడదు. పడితే క్లీనర్‌ను చెవితో పైపులు, కప్లింగ్‌లు, ట్రైలర్ బ్రేకు ఛాంబర్ల దగ్గర వినమనండి. సబ్బు నీళ్లు పోస్తే బుడగలు ఎక్కడొస్తాయో అక్కడే లీకు.

కాళ్లు, దిమ్మలు, బయలుదేరడం

ఇప్పుడు కాళ్లు ఎత్తండి. సరిగ్గా తగిలి ఉంటే కాళ్ల మీద పెద్దగా బరువు ఉండదు. నేల వదిలేదాకా లో గేరు, తర్వాత హై గేరు. పూర్తిగా పైకి పోవాలి, సగంలో ఆపొద్దు. రైలు గేటు దగ్గర ఎత్తు పల్లాల్లో కాలు పట్టాకు తగిలితే కాలు విరిగిపోతుంది. హ్యాండిల్ మడిచి కొక్కేనికి తగిలించండి. అది జారి బయటికొస్తే పక్కనుంచి పోయే మోటారు సైకిల్ మనిషికి తగులుతుంది.

దిమ్మలు అన్నీ తీశారా లెక్కపెట్టండి. యార్డులోనే పది మీటర్లు కదిలి బ్రేకు తొక్కండి. ట్రైలర్ చేతి బ్రేకు ఉన్న హార్స్ అయితే దాన్ని విడిగా వేసి చూడండి, ట్రైలర్ హార్స్‌ను వెనక్కి పట్టినట్టు ఉండాలి. నెమ్మదిగా ఎడమకూ కుడికీ తిప్పి, ట్రైలర్ మూల క్యాబిన్‌కు తగలడం లేదనీ పైపులు లాక్కుపోవడం లేదనీ చూసుకోండి. బయలుదేరేటప్పుడూ బ్రేకు తొక్కినప్పుడూ వెనక నుంచి 'టక్ టక్' అని కొడుతుంటే జా, పిన్ మధ్య ఆట పెరిగింది. లోడుతో పోకుండా మెకానిక్‌కు చూపించి జాను అడ్జస్ట్ చేయించాలి. అడ్జస్ట్ అయినా తగ్గకపోతే పిన్‌నో జాలనో మార్చాలి.

పది పదిహేను కిలోమీటర్లు పోయాక వీలున్న చోట పక్కకు ఆపి, అదే టార్చితో అదే సందులో ఇంకోసారి చూడండి. కొత్తగా పూసిన గ్రీజు సర్దుకొని ఉంటుంది, పైపులు తమ చోట కూర్చొని ఉంటాయి. కడప, రాయచోటి మధ్య పోయే బండైతే ఎటునుంచి వచ్చినా ఘాట్ మొదలవకముందే ఈ ఆగడం అయిపోవాలి. హ్యాండిల్ లోపలే ఉందా, క్లిప్పు ఉందా, కాళ్ల హ్యాండిల్ కొక్కేనికే ఉందా చూడటానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఘాట్‌లో ఆపి చూసుకునే చోటు దొరకదు.